షేడమ్మ తెల్లచంద్రకాంతలు

మా ఆవిడ గురించి గొప్పలు చెప్పుకుంటానని నాకు కంపెనీలో పేరుంది. నిజమే, చెప్పుకుంటాను. చెప్పుకోదగ్గ మనిషి ఇంట్లో ఉన్నప్పుడు నోరు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఉంటే మీరూ చెప్పండి, టీ తాగుతూ వింటాను. కాకపోతే ఈసారి చెప్పబోయే గొప్పలో నా తెలివితక్కువతనం కూడా బాగానే కలిసి ఉంది. దాన్ని పక్కన పెట్టి చెప్తే ఆవిడ గొప్ప సగం కూడా తెలియదు. అందుకని రెండూ చెబుతాను.

మేమిద్దరం ఒకే చోట పనిచేస్తాం. యూనిఫారాలు కుట్టే కంపెనీ. బస్సు డ్రైవర్లకు ఖాకీ, నర్సులకు తెలుపు, సెక్యూరిటీ వాళ్ళకు నీలం. ఆవిడ రెండో అంతస్తులో, ఉత్తరం వైపు కిటికీ దగ్గర ఉంటుంది. రంగు చూడటం ఆవిడ పని. ఒకే మిల్లు నుంచి ఒకే రోజు పది నీలం తానులు వచ్చాయనుకోండి, మీకూ నాకూ ఆ పదీ ఒకటే. ఆవిడకు మాత్రం కాదు. ఒక తానుతో చొక్కా వీపూ, ఇంకో తానుతో చేతులూ కత్తిరించి కుట్టేస్తే గదిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఎండలోకి వెళ్ళగానే ఆ చేతులు ఇంకొకడి దగ్గర అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తాయి. అలా జరగకుండా తానులను జతలుగా విడదీసి, మూలన సుద్దతో గుర్తు పెడుతుంది. ఇరవై మూడేళ్ళుగా ఇదే పని. షేడు చూసే అమ్మ కాబట్టి అందరూ షేడమ్మ అంటారు.

ఓసారి రంగు కొలిచే మెషీను తెచ్చారు. మెషీను ఒకటేనన్న రెండు తానులను ఈవిడ వేరు వేరు అంది. మేనేజరు ఆ రెండింటినీ డాబా మీదికి మోయించి, ఎండలో పక్కపక్కన పరిపించి, చాలాసేపు చూసి దిగి వచ్చాడు. ఆ మెషీను ఇప్పుడు ఆయన గదిలో ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు.

నేను కింది అంతస్తులో, ఫినిషింగ్ సెక్షన్‌లో. కుట్టడం పూర్తయిన బట్ట మా దగ్గరికి వస్తుంది. కుట్ల చివర వేలాడే దారాలు కత్తిరించడం, మడతపెట్టడం, పెట్టెలో సర్దడం. ఇరవై ఆరేళ్ళుగా నా చొక్కా జేబులో ఒక చిన్న కత్తెర ఉంటుంది. దారం వేలాడుతూ కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. బస్సులో ముందు సీటాయన కాలరు దారం కత్తిరించి రెండుసార్లు చీవాట్లు తిన్నాను. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోరు తెరుచుకుని పడుకుని ఉండి కూడా డాక్టరుగారి కోటు చేతికి వేలాడుతున్న దారం కత్తిరించాను. ఆయన పట్టకారు పక్కన పెట్టి, "ఇంట్లో కూడా ఇంతేనా?" అని అడిగాడు. మా ఆవిడ బయట బెంచీ మీద నుంచే "ఇంతేనండీ" అంది. కంపెనీలో నన్ను కత్తెర అంటారు. షేడమ్మ, కత్తెర. పెళ్ళి పత్రికలో అచ్చు వేయించుకునే పేర్లు కాకపోయినా మాకు సరిపోయాయి.

ఇంట్లో మాతో పాటు మా నాన్న ఉంటాడు. సర్వే శాఖలో గొలుసు పట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అప్పట్లో భూములను ఇనుప గొలుసుతో కొలిచేవారు. దాని ఒక కొస పట్టుకుని ముళ్ళల్లోనూ, బురదలోనూ ముప్పై అయిదేళ్ళు నడిచాడు. ఆ గొలుసుకు అక్కడక్కడ ఇత్తడి బిళ్ళలుండేవట. సరిగ్గా మధ్యలో ఉన్న బిళ్ళ మాత్రం గుండ్రంగా ఉండేదట. "చూడక్కర్లేదురా, వేలికి తగిలితే చాలు, సగం వచ్చిందని తెలిసిపోతుంది" అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. వెయ్యిన్నొకటోసారి చెబుతున్నప్పుడు నేను లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళేవాణ్ణి.

ఐదేళ్ళ కింద ఆయన చూపు పోవడం మొదలైంది. డాక్టరు ఇంకా పోకుండా చూస్తానన్నాడు గానీ, పోయింది తెస్తానని చెప్పలేదు. ఇప్పుడు ఆయనకు మిగిలింది వెలుతురుకూ చీకటికీ ఉన్న తేడా. నల్ల బల్ల మీద తెల్ల కాగితం ఉంటే తీసుకుంటాడు. అదే బల్ల మీద కళ్ళజోడుంటే వెతుక్కుంటాడు. పైగా ముక్కు మీద కోపం. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు. కర్ర కొనిస్తే దాన్ని చూరుకు గుచ్చి, చిలక్కొయ్య బదులు చొక్కా తగిలించుకున్నాడు.

మా ఇంటికి వెనక వైపే పెరడు. వెనక వరండా మెట్టు దిగితే ఒక మట్టి దారి, దాని చివర చిన్న గేటు, గేటు బయట సందులో ఒక సిమెంటు బెంచీ. సాయంత్రం ఆరింటికి ఆ బెంచీ మీదికి ఆయన స్నేహితుడు ఒకాయన వస్తాడు. నోరు మూతపడదు కాబట్టి ఆయన్ని రేడియో అంటాం. మెట్టు నుంచి గేటుకు మా నాన్న అడుగులతో ఇరవై రెండు. ఆ ఇరవై రెండు అడుగులూ ఒంటరిగా నడిచి వెళ్ళి, రేడియో పక్కన గంటసేపు కూర్చుని, ఒంటరిగా తిరిగి రావడం ఆయన రోజంతటికీ ముఖ్యమైన పని. తక్కినదంతా దాని కోసం ఎదురుచూడటమే.

చూపు తగ్గిన మొదటి ఏడాది, దారి తప్పి రెండుసార్లు కరివేపాకు చెట్టును గుద్దుకున్నాడు. నేను తెలివిగా ఒక ఆదివారం ఇటుకలకు సున్నం కొట్టి దారికి రెండు పక్కలా వరసగా పాతాను. ఆయన మెట్టు మీద నిలబడి చూశాడు. "ఇవి ఎవరి కోసంరా?" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు రోజులు బయటికి రాలేదు. "గుడ్డివాడికి దారేశాడట నా కొడుకు" అని గోడకు చెప్పుకున్నాడు. ఐదో రోజు ఇటుకలు పీకేశాను.

మర్నాటి నుంచి మా ఆవిడ పెరట్లో అక్కడా ఇక్కడా మొలిచిన చంద్రకాంత మొక్కల్లోంచి తెల్లవి ఏరి, దుంపలతో సహా తవ్వి, దారి వెంట నాటింది. చంద్రకాంత తెలియనివాళ్ళుండరు. మొక్కల్లో దానంత లోకువైంది ఇంకోటి లేదు. కాలవ గట్టునైనా మొలుస్తుంది, ఎవరూ కొనరు. కానీ అది ఎండ వాలాక విచ్చుకుని, రాత్రంతా ఉండి, మర్నాడు ఎండెక్కాక ముడుచుకుంటుంది. మసక చీకటిలో ఎర్రవి, గులాబీవి అన్నీ నల్లబడిపోతాయి. తెల్లవి మాత్రం ఉన్నచోటే ఉండి కనిపిస్తాయి.

"మామయ్యా, దారి పక్కన పూలేశాను. మొగ్గ సరిగా విచ్చుకుంటోందో లేదో రోజూ కాస్త చూసి చెబుతారా? నాకు కంపెనీ నుంచి వచ్చేసరికి తీరదు" అంది.

"చూస్తాలే" అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆరు కొట్టగానే "పూలు చూసొస్తా" అని లేస్తాడు. మూడేళ్ళు అలాగే నడిచింది. ఆ తెల్ల వరస ఎందుకో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. ఆయనా అనలేదు. వచ్చాక మా ఆవిడకు రిపోర్టు ఇస్తాడు: "ఎడం పక్క బాగా పూశాయమ్మా. కుడి పక్క చివర నీళ్ళు సరిగా అందినట్టు లేదు." ఆవిడ బుద్ధిగా తలూపుతుంది. మనిషి మర్యాద కాపాడటం ఎలాగో నాకు ఆ ఇద్దర్నీ చూశాకే తెలిసింది.

చలికాలం వస్తే పూలుండవు. అప్పుడు చలి అనే వంకతో కుర్చీలోనే ఉండిపోతాడు. రేడియో ఇంట్లోకి వచ్చి కూర్చుంటానన్నా ఒప్పుకోడు, రోగిని పలకరించడానికి వచ్చినట్టు ఉంటుందట. ప్రతి చలికాలం తర్వాత లేచినప్పుడు ఆయన మోకాళ్ళు అంతకు ముందున్నంత గట్టిగా ఉండవు. మొన్న పరీక్ష చేసిన డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి, నాతో, "ఒక్క ఏడాది నడక మానేశాడంటే మళ్ళీ లేవడు, చూసుకోండి" అన్నాడు. ఆ మాట నేను మా ఆవిడకు చెప్పాను. ఆవిడ అన్నీ మానేసి ముందు విత్తనాల సంచులు చూసుకుంది.

ఎందుకంటే ఈ చలికాలం నీళ్ళ గొట్టం వేయడానికి మనుషులు వచ్చి, దారికి రెండు పక్కలా గజం లోతు తవ్వారు. దుంపలన్నీ మట్టితో పాటు బండిలో వెళ్ళిపోయాయి. ఇక గింజలు నాటుకోవడమే గతి. గింజలకు కొదవలేదు, ఆవిడ ఏటా దాస్తుంది. ఖాకీ ముక్కలతో అరచేతి అంత సంచులు కుట్టి, ఏ రంగు గింజలు దేంట్లో ఉన్నాయో తెలియడానికి మూతి దగ్గర ఆ రంగు దారం బెత్తెడు వదులుతుంది. తెల్ల దారమంటే తెల్లపూలు, పసుపంటే పసుపు. చంద్రకాంత గింజలన్నీ ఒక్కలాగే ఉంటాయి, మిరియాలంత, నల్లగా. దారం లేకపోతే దేవుడు కూడా చెప్పలేడు. ఇరవై సంచులు సామాన్ల గదిలో మేకుకు వేలాడుతున్నాయి. వేలాడుతున్నాయి అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఆవిడ వాళ్ళక్కగారింటికి రెండు రోజులు వెళ్ళింది. నాకు సెలవు. ఆవిడ వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంచి మెప్పు పొందుదామని సామాన్ల గది సర్దడం మొదలుపెట్టాను. మేకు దగ్గరికి వచ్చేసరికి ఇరవై సంచులూ, వాటి మూతుల నుంచి వేలాడే ఇరవై దారాలూ కనిపించాయి. ఆ తర్వాత నేను ఆలోచించి చేసింది ఏమీ లేదు. నా చేతులు చేసుకుపోయాయి. జేబులోంచి కత్తెర తీశాను, ఇరవై దారాలూ మొదలంటా కత్తిరించాను. అన్నీ ఒక్కలాంటి సంచులు, లోపల ఒక్కలాంటి గింజలు. ఇన్ని సంచులెందుకులెమ్మని గింజలన్నీ ఒక పెద్ద డబ్బాలో పోసి, సంచులు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, కొసలు కలిపి దొంతరగా పెట్టాను. ఫినిషింగ్ సెక్షన్ పని ఎక్కడా వంక లేకుండా పూర్తయింది. దూరం నుంచి ఓసారి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆవిడ వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను.

"ఏమండీ, ఇవి నా విత్తనాల సంచులు కదూ?"

"అవును. ఇస్త్రీ కూడా చేశాను."

"గింజలు?"

"ఇదిగో డబ్బాలో. అన్నీ ఒకటే కదా, కలిపేశాను."

"దారాలు?"

"ఏ దారాలు?" అంటూండగానే నా చెయ్యి జేబులో కత్తెరకు తగిలింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. డబ్బా తీసుకుని వెళ్ళి వంటింట్లో పీట మీద కూర్చుని, పళ్ళెంలో గింజలు పోసి, వేలితో అటూ ఇటూ జరిపింది. "నలుపులో షేడు లేదండీ" అంది, తనలో తను అనుకున్నట్టు.

గింజల చప్పుడుకు పక్కగదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "ఏంటమ్మా అది?"

"గింజలు చూసుకుంటున్నా మామయ్యా."

"ఈ ఏడు కూడా తెల్లవేనా?"

మూడేళ్ళలో ఆ సంగతి ఆయన అడగడం అదే మొదలు. మా ఆవిడ పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది. "తెల్లవే మామయ్యా" అంది. నా తల కొట్టేసినట్టయింది.

మర్నాడు నేను నర్సరీకి పరిగెత్తాను. చంద్రకాంత అనగానే అతను నవ్వాడు. అలాంటివి అమ్మరట. వెతికి వెతికి ఒక పొట్లం ఇచ్చాడు, దాని మీద అన్ని రంగులూ కలిసిన పూల బొమ్మ ఉంది. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో ఉన్నవన్నీ ఎర్రవీ, గులాబీవీ.

"ఊరికే తిరక్కండి. ఉన్న గింజలన్నీ నాటేద్దాం" అంది ఆవిడ.

"నాటి? పూసేదాకా తెలియదు కదా. పూశాక పీకి నాటితే బతుకుతాయా?"

"పూసేదాకా ఎందుకు? కాడ చెప్పదూ?"

మూడు వందల పై చిలుకు గింజలు. నానబెట్టి, పాల ప్యాకెట్లు, డబ్బాలు, పగిలిన బకెట్లు, ఇంట్లో అడుగున్న ప్రతి వస్తువులోనూ నాటాం. వరండాలో కాలు పెట్టే చోటు లేదు. రెండు వారాల్లో మొలకలు వచ్చి, ఆ తర్వాత నాలుగేసి ఆకులు వేశాయి. అప్పుడు ఆవిడ పని మొదలైంది. పొద్దున్నే, ఎండ నేరుగా పడకముందు, నర్సు యూనిఫారం తెల్లముక్క ఒకటి మొలక వెనక పట్టుకుని కాడను చూసేది. ఎర్రపూల మొక్కకు కణుపుల దగ్గర ఎర్రటి చాయ ఉంటుంది. అది నాకూ కనిపించింది. గులాబీదానికి ఆ చాయ పలచన. ఇదిగో అని చూపిస్తే కనిపించినట్టు తలూపాను. ఇక మిగిలినవి పచ్చటి కాడలు, వాటిలో తెల్లవేవో పసుపువేవో తేల్చాలి. అక్కడ నేను చేతులెత్తేశాను.

"రెండూ పచ్చగానే ఉన్నాయి కదే!"

"ఇందులో పాలు కలిసినట్టు లేదూ? దీన్లో లేదు. చూడండి."

చూశాను. రెండూ పచ్చగానే ఉన్నాయి.

ఐదు పొద్దులు చూసింది. ఏరినదాని డబ్బా మీద సుద్దతో గుర్తు పెట్టింది. అన్నీ అయ్యాక లెక్కపెడితే నలభై నాలుగు. దారికి అటు ఇరవై రెండు, ఇటు ఇరవై రెండు, అడుగుకొకటి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. తీసేసినవన్నీ ప్రహరీ వెంట నాటాం.

"ఇవన్నీ తెల్లవేనని గట్టిగా చెప్పగలవా?" అని అడిగాను.

"సుద్ద గుర్తు పెట్టాక నేనెప్పుడైనా చెరిపానా?" అంది. ఇరవై మూడేళ్ళలో చెరపలేదు. ఆ మాట నాకంటే బాగా తెలిసినవాడు ఆ టీ గ్లాసు మేనేజరు ఒక్కడే.

ఇక్కడితో నా తప్పులు అయిపోయాయనుకుంటే పొరపాటు. మొక్కలు జానెడు ఎత్తున ఉన్నప్పుడు కంపెనీకి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆవిడ పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తోంది. నీళ్ళు పోయడం నా వంతు. ఒక ఉదయం రబ్బరు పైపు లాగుతుంటే అది మొక్కల మీదుగా జారి, కుళాయి పక్కన ఉన్నదాన్ని నేలకంటా విరిచేసింది. ఎడం పక్క పదకొండోది. అక్కడే కూర్చుని కాసేపు దాని మొహం చూశాను. తర్వాత ప్రహరీ దగ్గరికి వెళ్ళి, అదే ఎత్తున్న మొక్క ఒకటి, కాడ పచ్చగా ఉన్నదే, నా కంటికి పచ్చగా ఉన్నదే, వేళ్ళు కదలకుండా తవ్వి తెచ్చి అక్కడ నాటాను. చుట్టూ మట్టి అద్ది, నీళ్ళు పోసి, నిమ్మకు నీరెత్తినట్టు కంపెనీకి వెళ్ళిపోయాను. చెప్పాల్సింది. ధైర్యం చాలలేదు. ఒకే చలికాలంలో రెండుసార్లు ఆ మొహం చూడలేననిపించింది.

వసంతం ముగింపుకొచ్చింది. ప్రహరీ వెంట ఉన్నవి ముందు పూశాయి. ఎర్రవి, పసుపువి, గులాబీవి, ఒకే పువ్వులో సగం ఎరుపు సగం పసుపు ఉన్నవి, రంగు చల్లినట్టు చుక్కలున్నవి. సాయంత్రం ఐదు దాటితే పెరడంతా తియ్యటి వాసన. సందులో వెళ్ళేవాళ్ళు గేటు మీద మోచేతులు ఆనించి చూసి వెళ్ళేవారు. "ఇవన్నీ ఏ నర్సరీ నుంచి తెచ్చారు?" అని ఒకావిడ అడిగితే, "మా డబ్బా నుంచి" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా. పనికిరావని తీసేసినవే అంత అందంగా ఉన్నాయి. నాకు మాత్రం వాటి మీద మనసు నిలవలేదు. దారి వెంట మొగ్గలు లావవుతున్నాయి. రోజూ కుళాయి దగ్గర వంగి చూసేవాణ్ణి. మొగ్గ ముడుచుకుని ఉన్నంతసేపు ఏ రంగూ చెప్పదు.

ఒక ఆదివారం సాయంత్రం అవన్నీ ఒకేసారి విచ్చుకున్నాయి. మేమిద్దరం మెట్టు మీద నిలబడి చూశాం. కుడి పక్క ఇరవై రెండూ తెలుపు. పసుపు చుక్కయినా లేదు, చారయినా లేదు, ఉతికి ఆరేసిన తెలుపు. ఎడం పక్క పది తెలుపు. ఆ తర్వాత కుళాయి పక్కన, గుబురుగా, నిండుగా, ఎక్కడ లేని హుషారుతో ఒక్కటి రాణీ రంగు. ఆ తర్వాత పదకొండు తెలుపు.

ఆవిడ ఏదో అనబోయేంతలో వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"విచ్చుకున్నట్టున్నాయే. వాసనొస్తోంది" అన్నాడు నాన్న. "పూలు చూసొస్తా."

ఆపడానికి వీల్లేదు. ఆపితే ఎందుకో చెప్పాలి. ఆయన మా ఇద్దరి మధ్య నుంచి మెట్టు దిగాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి. ఎండ పోయింది, వెలుతురు కొంచెం మిగిలి ఉంది. రెండు తెల్లటి వరసల మధ్య నిలబడి, తల కొద్దిగా ఎత్తి, నడవడం మొదలుపెట్టాడు. సన్నగా లెక్క వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు. అడుగు మొదట కాస్త తడబడింది, తర్వాత కుదురుకుంది. ఎనిమిది. తొమ్మిది. పది.

ఆగిపోయాడు.

ఎడం పక్క తెలుపు ఉండాల్సిన చోట ఆయనకు చీకటి గొయ్యి కనిపించి ఉంటుంది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లో ఉంచి, మళ్ళీ వెనక్కి పెట్టాడు. నేను పరిగెత్తబోయాను. మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. "వెళ్ళకండి. మీరు వెళ్ళి పట్టుకుంటే ఇక రేపు లేవరు" అంది గొంతు తగ్గించి.

నాన్న మెల్లగా వంగాడు. చెయ్యి చాపి తడిమాడు. ఆకులు తగిలాయి, పూలు తగిలాయి. ఒకటి తుంచి వాసన చూశాడు.

"అమ్మాయ్!"

"ఆ, మామయ్యా."

"ఇది తెల్లది కాదు కదూ?"

"కాదు మామయ్యా. రాణీ రంగు."

"మిగతావో?"

"అన్నీ తెల్లవే."

ఇక నావల్ల కాలేదు. "నేనే నాన్నా! పైపు తగిలి విరిగిపోతే ఇంకోటి తెచ్చి పెట్టాను. తను పెట్టింది కాదు. తన నలభై మూడులో ఒక్కటి కూడా తప్పు లేదు. ఇప్పుడే వచ్చి దాన్ని పీకేస్తా, ఉండు" అని అరిచాను.

"పీకావంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు.

నడుం నిలబెట్టి, మా వైపు తిరిగాడు. ఆయనకు మేము కనిపించం, అయినా సరిగ్గా నేను ఉన్నవైపే తిరిగాడు.

"మొదటి నుంచి చివరిదాకా అన్నీ ఒక్కలాగే ఉంటే ఎంత వచ్చానో, ఇంకెంత ఉందో ఎలా తెలుస్తుందిరా? మూడేళ్ళ నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ చస్తున్నా. మధ్యలో రేడియోగాడు కేకేస్తే లెక్క తప్పి, మళ్ళీ మెట్టు దగ్గరికొచ్చి మొదలెట్టిన రోజులున్నాయి. గొలుసు మధ్యలో బిళ్ళ ఉండేదని నీకెన్నిసార్లు చెప్పాను? ఇదీ అదే. ఇది వచ్చిందంటే సగం వచ్చానన్నమాట. ఉండనీ దీన్ని."

ప్రహరీ దగ్గర పురుగులేవో పూల మీద తిరుగుతున్న చప్పుడు కూడా వినిపించింది.

"అమ్మాయ్" అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతులో కోపం లేదు. "దారి బాగా వేశావమ్మా."

పూలు అనలేదు. మూడేళ్ళుగా పూలు అంటూ వచ్చిన మనిషి, దారి అన్నాడు.

మా ఆవిడ "సరే మామయ్యా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కంపెనీలో ప్రతి ఏడూ ఆవిడకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అన్నీ బీరువాలో బట్టల కింద ఉన్నాయి. ఒక్కదానికీ ఆ మొహం నేను చూడలేదు.

నాన్న మిగిలిన పన్నెండు అడుగులూ లెక్కపెట్టకుండా నడిచాడు. నాకు తెలుసు, లెక్క వినపడలేదు. గేటు తెరిచి బెంచీ మీద కూర్చున్నాడు. రేడియో గొంతు మా దాకా వినిపించింది.

"ఏంటి గురూ, ఇన్నాళ్ళకా? మధ్యలో ఆగిపోయావేంటి?"

"మా కోడలేసిన పూలు. ఆగి చూడాలి మరి" అన్నాడు నాన్న. "మొత్తం కాడ చూసి ఏరింది. పువ్వు లేదు, మొగ్గ లేదు, కాడ చూసి. నలభై మూడుకి నలభై మూడూ తెలుపు. నీకు తెలిసినవాళ్ళల్లో ఎవరైనా ఉన్నారా అలా?" కుర్చీలోంచి మా మాటలన్నీ వింటూనే ఉన్నాడన్నమాట. రేడియో ఏదో చెప్పబోయాడు. నాన్న చెప్పనివ్వలేదు. ఆ సాయంత్రం ఆ బెంచీ మీద ఎక్కువ మాట్లాడింది రేడియో కాదు. గొప్పలు చెప్పుకునే గుణం నాకు ఎవరి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"ఆ మొక్క నువ్వు పెట్టింది కాదని నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను ఆవిడని.

"మీరు పెట్టిన మర్నాడే. కాడ చూస్తే తెలియదూ?"

"మరి అనలేదే!"

"అంటే ఏం చేసేవారు? ఇంకో తెల్లది లేదు కదా. ఖాళీగా ఉండేకంటే నయమని ఊరుకున్నా. మీరు రోజూ దాని దగ్గర వంగి చూస్తుంటే జాలేసింది కూడా."

లోపలికి వెళ్ళి, రాణీ రంగు దారం ఉండ తెచ్చింది. దారిలో దిగి, కుళాయి పక్కన కూర్చుని, ఆ మొక్క కాడకు దారం చుట్టి ముడి వేసింది. ఈ ఏడు దాని గింజలు విడిగా తీస్తుందట. వచ్చే ఏడు పదకొండో చోట రెండు పక్కలా అదే వేస్తుందట. ముడి దగ్గర దారం బెత్తెడు వేలాడుతోంది.

నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఆవిడ చూసింది. లేవకుండానే అరచెయ్యి నా వైపు చాపింది.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా కత్తెర ఇంకొకరి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని బొడ్లో దోపుకుంది. దారం అలాగే వేలాడుతోంది.